మంచె మీద తుపాకీ: పంట కాపలాకు ఏ గొట్టమో ఎవరు తేల్చారు?

పోయినేడు మన సంఘం సమావేశంలో భోజనాల వేళ ఒక తమ్ముడు పక్కకు వచ్చి కూర్చుని ఫోన్ తీసి చూపించాడు. అమెరికాలో ఎవరో రైతు తన గడ్డిభూమి అంచున బోర్లా పడుకుని, మూడు వందల గజాల అవతల కన్నంలోంచి తల ఎత్తిన ఉడతలాంటి జంతువును ఒక్క దెబ్బతో కొడుతున్నాడు. "అన్నా, మన పందులకు ఇది పనికొస్తుందా? ఏ నంబరు తూటా కొనాలి?" అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మేమూ నవ్వాం. ఆ వారంలోనే ఆ తమ్ముడి జొన్నచేను రెండు రాత్రుల్లో పందుల పాలైందని సాయంత్రం బస్సు ఎక్కేటప్పుడు తెలిసింది. అప్పుడిక నవ్వు రాలేదు.

ఆ ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వాలనే ఈ వ్యాసం. ఏ జంతువుకు ఏ ఆయుధం అన్న లెక్క మన తాతలకు బాగా తెలుసు. ఆ లెక్క మన చేతుల్లోంచి ఎప్పుడు జారిపోయింది, ఎవరు తీసుకున్నారు అని వెతుక్కుంటూ పోతే అది తుపాకుల కథగా మొదలై మన మన్యం కథ అయి కూర్చుంది.

తాతల లెక్క

పోడు చేనుకు కాపలా అంటే ముందుగా మంచె. నాలుగు గుంజలు, పైన వెదురు తడిక, తాటాకు కప్పు. చోడి, సామ, కొర్ర, జొన్న, కంది ఒకే చేనులో కలిసి పెరిగే రోజుల్లో ఒక్కో పంట ఒక్కో వారం పండుతుంది. ఒక్కో పంటకు ఒక్కో దొంగ. పాలకంకి మీద రామచిలుకలు వాలతాయి. గింజ గట్టిపడ్డాక కోతులు. దుంపకు ఏదుపంది. అన్నిటికీ అడవిపంది. కాబట్టి మంచె మీదికి వెళ్లేవాడు ఒకే ఆయుధంతో వెళ్లేవాడు కాదు.

పిట్టలకు వడిసెల ఉండేది. నారతో పేనిన రెండు తాళ్లు, మధ్య రాయి పెట్టే బుట్ట. తల చుట్టూ తిప్పి ఒక తాడు వదిలితే రాయి చేను దాటి పోతుంది. అది పిట్టకు తగలాలని కాదు, గాలిలో అది చేసే చప్పుడే సగం పని చేస్తుంది. దగ్గరి పిట్టకు, ఎలుకకు ఉండేలు. ఎండబెట్టిన మట్టి ఉండలు విసిరే చిన్న విల్లు అది. ఇప్పటి పిల్లలు రబ్బరు కట్టిన పంగలకర్రను కూడా ఉండేలు అనే అంటున్నారు, అసలు ఉండేలు వెదురుది. ఆ తరవాతే అసలు విల్లు. వెదురు విల్లుకు వెదురు బద్దతోనే అల్లెతాడు. అందులోనూ బాణాలు వేరు వేరు. పిట్టకు మొద్దు బాణం చాలు, కొనలో అలుగు ఉండదు, చెట్టుకు గుచ్చుకుని పోదు, దొరికితే మళ్లీ వాడుకోవచ్చు. పెద్ద జంతువుకు కమ్మరి కొట్టిన వెడల్పు ఇనుప అలుగు. అది ఎముకను పగలగొట్టడానికి కాదు, లోపలికి దిగి నెత్తురు కార్చడానికి. అందుకే విల్లు పట్టినవాడు ఇరవై ముప్పై అడుగుల దూరం వరకు పాకుతూ పోయేవాడు. బాణం వేశాక పరిగెత్తేవాడు కాదు. కూర్చుని, కాసేపు ఆగి, అప్పుడు నెత్తురు జాడ పట్టుకుని వెళ్లేవాడు.

ఇప్పుడు తుపాకుల దుకాణంలో 'క్యాలిబర్ ఎంపిక' అని పెద్ద మాట చెబుతారు గాని, ఆ లెక్కంతా ఇదే: ఎంత పెద్ద జంతువు, ఎంత దూరం, తగిలితే చస్తుందా లేక గాయంతో తిరగబడుతుందా, తగలకపోతే ఆ దెబ్బ ఎటు పోతుంది. మొద్దు బాణానికీ అలుగు బాణానికీ తేడా తెలిసిన తాతకు ఇందులో ఏ ముక్కా కొత్త కాదు.

నంబర్ల మాట

తూటా నంబర్ల సంగతి కూడా చెప్పేస్తాం, లేకపోతే ముందు కథ అర్థం కాదు. తుపాకులు రెండు రకాలు. గొట్టం లోపల అద్దంలా నునుపుగా ఉంటే అది నున్నగొట్టం తుపాకీ. లోపల మరమేకు చుట్టులా తిరిగే గాడులు ఉంటే అది రైఫిల్. ఆ గాడులు గుండును బొంగరంలా తిప్పి పంపుతాయి, తిరిగే గుండు దారి తప్పదు. నున్నగొట్టంతో గట్టిగా కొట్టగలిగేది నలభై యాభై గజాలు. రైఫిల్‌తో దానికి ఎన్నో రెట్లు.

రైఫిల్ నంబరు అంగుళంలో భాగం. .22 అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో నూటికి ఇరవైరెండు వంతులు, సుమారు 5.6 మిల్లీమీటర్లు. .303 అంటే 7.7. నున్నగొట్టం లెక్క వేరు, అది పాతకాలపు తూకం లెక్క. ఒక పౌను సీసంతో సమానమైన 12 గుండ్లు పోస్తే, ఒక్కో గుండు పట్టేంత గొట్టం '12 బోర్'. అందుకే బోర్ నంబరు పెరిగేకొద్దీ గొట్టం సన్నమవుతుంది. మనవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

ఇక ఆ తమ్ముడి ఫోన్‌లో కనిపించినది. పంటకు, పశువులకు చేటు చేసే చిన్న జంతువులను అమెరికాలో 'వార్మింట్' అంటారు. కన్నాలు తవ్వే ప్రెయిరీ డాగ్, ఉడుక్కలాంటి గ్రౌండ్‌హాగ్, నక్కజాతి కయోటీ అందులో ముఖ్యమైనవి. ఆ కన్నాల్లో పశువుల కాళ్లు పడి విరుగుతాయని పశువుల కాపరుల భయం. జంతువు పిడికెడంత, నేల బల్లపరుపు, దూరం రెండు మూడు వందల గజాలు. దానికి వాళ్లు కనిపెట్టింది తేలికైన, మహా వేగమైన చిన్న గుండు. 1930 ప్రాంతంలో .22 హార్నెట్ వచ్చింది. 1935లో వించెస్టర్ కంపెనీ .220 స్విఫ్ట్ తెచ్చింది, దాని గుండు బరువు మూడు గ్రాములు, వేగం సెకనుకు 1,200 మీటర్లకు పైనే. 1950లో రెమింగ్టన్ .222 వచ్చింది. ఈ గుండ్ల పై తొడుగు పలచగా ఉంటుంది, తగిలిన చోటే ముక్కలైపోతుంది. ఒకవేళ గురి తప్పి నేలను తాకినా తుళ్లి పక్క పొలంలోకి పోదు. వాళ్ల నేలకు, వాళ్ల జంతువుకు అది తెలివైన ఎంపికే.

మన అడవిపందికి అది పూర్తిగా తప్పుడు ఎంపిక. ముదిరిన మగపంది భుజం మీద పలకలాంటి గట్టి తోలు ఉంటుంది. పలచ తొడుగు గుండు అక్కడే పగిలిపోతుంది, లోపలికి దిగదు. పంది చావదు, గాయంతో పొదలోకి పోతుంది, తెల్లవారి విస్తరాకులకు వెళ్లిన ఆడవాళ్ల మీద తిరగబడుతుంది. పైగా మన చేలలో మూడు వందల గజాల చూపు ఎక్కడిది? ముప్పై గజాల అవతల పొద, పొద అవతల ఇంకొకరి మంచె. కాబట్టి తమ్ముడికి సూటి జవాబు: ఆ తూటా మనకు పనికిరాదు.

ఈ అమెరికా తూటాల కథకు మనతో ఒక చుట్టరికం మాత్రం ఉంది. గ్రౌండ్‌హాగ్‌ల కోసం పుట్టిన .222నే కాస్త పొడుగు చేసి అక్కడి సైన్యం కోసం .223 చేశారు. వియత్నాం యుద్ధంలో ఎమ్-16 రైఫిల్‌లో పేలింది అదే. మిల్లీమీటర్లలో దాని పేరు 5.56. మన దేశపు ఇన్సాస్ రైఫిల్ కొలత కూడా 5.56. ఏజెన్సీ సంతల్లో, చెక్‌పోస్టుల దగ్గర జవాన్ల భుజాన మనం ఏళ్లుగా చూసిన ఆ రైఫిల్ తూటా వంశం వెనక్కి వెతికితే ఎక్కడో అమెరికా పల్లెలో పంట కాపలా కాసే రైతు దగ్గర తేలుతుంది. అక్కడ రైతు తూటా సైన్యానికి పోయింది. మన దగ్గర జరిగింది దీనికి తలకిందులు. సైన్యానికీ సర్కారుకూ పనికిరాదనుకున్న గొట్టమే రైతుకు మిగిలింది.

గొట్టం లోపలి గాడులు

అది ఎలా జరిగిందో చెప్పాలంటే 1857కు పోవాలి. ఆ ఏడాది సిపాయిల తిరుగుబాటుకు దగ్గరి కారణం కొవ్వు పూసిన తూటాలన్నది బడిలో చదివారు. ఆ తూటాలు ఎన్‌ఫీల్డ్ అనే కొత్త రైఫిల్‌వి, కొలత .577. తిరుగుబాటు అణిచాక తెల్లదొరలు చేసిన పని మాత్రం బడి పుస్తకంలో ఉండదు. అదే ఎన్‌ఫీల్డ్ గొట్టాన్ని .656 దాకా తొలిచి, లోపలి గాడులు చెరిపేసి, నున్నగొట్టం చేసి దేశీ సిపాయిల చేతికి ఇచ్చారు. బయటి నుంచి చూస్తే అదే తుపాకీ. తెల్ల సిపాయి తుపాకీ దూరం కొడుతుంది, నల్ల సిపాయిది కొట్టదు. గాడులు పాలించేవాడికి, నున్నగొట్టం పాలితుడికి. ఆ గీత అక్కడ పడింది.

అది సైన్యంతో ఆగలేదు. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా దేశీయుడు తుపాకీ ఉంచుకోవడం నేరమైంది, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చారు. నాలుగేళ్లకు, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవికి రిజర్వు గీతలు గీసింది. ఒక చట్టం చేతిలోని ఆయుధాన్ని ముట్టుకుంటే రెండోది కాలి కింది నేలను ముట్టుకుంది. జంతువుకు మాత్రం ఏ గీతా లేదు, అది రిజర్వులో పడుకుని చేనులో తిన్నది.

తెల్లదొరల సొంత వేట తుపాకులను కూడా ఈ భయం వదల్లేదు, ఆ సంగతి వింటే నవ్వొస్తుంది. ఏనుగుకు, అడవిదున్నకు దొరలు .450 కొలత పెద్ద రైఫిల్ ఇష్టంగా వాడేవారు. అదే కొలత పాత సైనిక రైఫిల్ మార్టినీ-హెన్రీది కూడా. ఆ తూటాలో సీసం, మందు తిరుగుబాటుదారుల చేతుల్లో పడితే వాళ్ల దగ్గరున్న పాత మార్టినీలు మళ్లీ పేలతాయని 20వ శతాబ్దం మొదట్లో .450 తూటాల దిగుమతిని ఇండియాలోనూ సూడాన్‌లోనూ ఆపేశారు. లండన్ తుపాకుల కంపెనీలు లబోదిబోమని .465, .470, .475 అంటూ కొత్త కొలతలు కనిపెట్టి అమ్ముకున్నాయి. ఈరోజు ప్రపంచంలో పేరున్న ఈ వేట తూటాలు పుట్టింది జంతువు సైజు మారినందుకు కాదు, సర్కారుకు ప్రజల మీద అనుమానం పెరిగినందుకు. ఇదే పద్ధతిలో సైన్యం వాడే .303 మామూలు మనుషులకు దొరకకుండా చేశారు, దానికి బదులు .315 అనే కొలత ఇక్కడ వేటకు స్థిరపడింది. ఇప్పటికీ మన దేశపు ఆయుధ కర్మాగారాలు ఆ కొలత రైఫిళ్లు తయారు చేస్తున్నాయి.

సొంత పోలీసును కూడా నమ్మలేదు. ఇషాపూర్ కర్మాగారంలో .303 సైనిక రైఫిళ్లకు గాడులు తీసేసి, .410 నున్నగొట్టం చేసి, ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పట్టేలా మార్చి పోలీసులకు, జైలు కాపలాదారులకు ఇచ్చారు. పోలీసు తూటా సైన్యం రైఫిల్‌లో పట్టదు.

మన్యంలో

1878 చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, రంప ఫితూరీ రేగింది. చిగురుపన్ను, కల్లు మీద ఆంక్షలు, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం, వీటి గురించి మన సంఘం పాత సంచికల్లో చాలా రాశారు, మళ్లీ రాయం. కారం తమ్మన్నదొర మనుషులు ఠాణాల మీద పడ్డప్పుడు చేతుల్లో ఉన్నవి విల్లులు, కత్తులు, మూతి నుంచి మందు కూరే పాత తుపాకులు. పంట కాపలా కాసే ఆయుధాలే అవి. మద్రాసు నుంచి వచ్చిన పటాలాల చేతుల్లోవి వేరు. అయినా ఆ కొండలను అణచడానికి సర్కారుకు ఏడాది దాటిపోయింది. చెట్టు చాటు నుంచి ముప్పై గజాల్లో కొట్టేవాడికి రైఫిల్ దూరం అడ్డం కాదు. తమ్మన్నదొరను 1880లో కాల్చి చంపారు.

నలభై ఏళ్ల తరవాత అల్లూరి సీతారామరాజుకు, గాం గంటందొరకు, గాం మల్లుదొరకు ఈ తుపాకుల లెక్క ఇంకా బాగా తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాలు. తీసుకున్నది 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు. ఏమేం తీసుకున్నామో ఠాణా పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారు. ఆ లెక్కలో తూటాల సంఖ్యను మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. తుపాకీ ఎత్తుకెళ్లడం కంటే దానికి సరిపడే తూటా ఎత్తుకెళ్లడమే ముఖ్యం. ఎందుకంటే ఊళ్లో దొరికే మందు, సీసం ఆ గొట్టాలకు పనికిరావు. తూటా అయిపోయిన నాడు ఆ తుపాకీ చేతికర్రతో సమానం. సర్కారుకు కూడా ఇది వెంటనే అర్థమైంది. అక్టోబరులో రాజు అడ్డతీగల ఠాణాకు వచ్చేసరికి అక్కడ ఆయుధాలు ఉంచలేదు, ముందే తరలించేశారు. మలబారు పోలీసులు, ఆ తరవాత అస్సాం రైఫిల్స్ దిగాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చారు.

ఆ తరవాత మన్యంలో తుపాకీ ఉన్న ప్రతి ఇల్లూ అనుమానపు ఇల్లే అయింది. అవతల ఆదిలాబాదు అడవుల్లో కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో పడిపోయాక అక్కడి గోండు, కొలాం గూడేలకూ అదే గతి పట్టింది.

ఇదే దేశంలో ఇంకో కొండజాతికి ఇంకో న్యాయం నడిచింది. కర్ణాటకలోని కొడగు కొండల్లో కొడవ సముదాయానికి, అక్కడి జమ్మా భూమి హక్కుదారులకు, ఆయుధ లైసెన్సు నుంచి 1861లోనే మినహాయింపు ఇచ్చారు. 1857లో వాళ్లు సర్కారు పక్షాన నిలబడ్డారని. ఆ మినహాయింపు స్వతంత్రం వచ్చాక కూడా కొనసాగింది, 2019లో కేంద్రం దాన్ని 2029 వరకు పొడిగించింది. వాళ్లు ఏటా కైల్‌పోళ్దు పండుగనాడు తుపాకులను పూలతో పూజిస్తారు. వాళ్ల మీద మనకు ఈర్ష్య లేదు, వాళ్ల కొండల్లోనూ పందులు ఉన్నాయి. ఒకరి ఆయుధం సంప్రదాయం అయి, మరొకరిది నేరం అయిన దారి మాత్రం గుర్తుపెట్టుకోదగ్గది.

స్వతంత్రం తరవాతి కాగితాలు

1959లో మన సొంత ఆయుధాల చట్టం వచ్చింది. దాని 13వ సెక్షన్ మన యువత ఒక్కసారైనా చదవాలి. పంట కాపలా అవసరం నిజమైతే, మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని అందులో రాశారు. ఆ తుపాకీ చాలదని అధికారికి నమ్మకం కుదిరితే ఇంకో నున్నగొట్టం తుపాకీకి, గొట్టం 20 అంగుళాలకు తక్కువ కానిదానికి, ఇవ్వొచ్చని కూడా ఉంది. పంట కాపలా మాట వచ్చిన చోట రైఫిల్ మాట లేదు. 1858లో సిపాయి తుపాకీకి చెరిపేసిన గాడులు, నూరేళ్ల తరవాత, రైతు తుపాకీలోనూ లేవు.

ఇక్కడ మేము ఒక మాట ఒప్పుకోవాలి. కారణం ఏదైనా, ఆ ఎంపిక మన చేలకు అంత తప్పు కాదు. నున్నగొట్టంలోంచి వచ్చే సీసపు రవ్వలు రెండు మూడు వందల గజాల్లో నేల రాలతాయి. చిన్నదని పిల్లల ఆటవస్తువులా చూసే .22 గుండు కూడా ఎత్తి కొడితే మైలు దాటుతుంది. గూడెం పక్కనే చేను, చేను పక్కనే బడి ఉన్న చోట రైఫిల్ పేల్చినవాడు తన గుండు ఎక్కడ ఆగిందో చెప్పలేడు. మన తాతలను అడిగినా రాత్రిపూట చేనులో రైఫిల్ వద్దనే అనేవారేమో. కాని అడగలేదు. మా అభ్యంతరం అక్కడే. భయంతో తీసుకున్న నిర్ణయం అనుకోకుండా సరిపోవడం వేరు, మనతో మాట్లాడి తీసుకోవడం వేరు.

మూతి తుపాకీ కష్టాలు కూడా చెప్పాలి. మందు పోయాలి, గుడ్డపీలిక కూరాలి, రవ్వలు పోయాలి, మళ్లీ పీలిక, ఇనుప కడ్డీతో దట్టించాలి, చివర టోపీ పెట్టాలి. అంతా చీకట్లో, మంచె మీద, వానలో. మందు తడిస్తే టోపీ ఒక్కటే 'టప్'మంటుంది, పంది తల ఎత్తి చూసి మళ్లీ తింటుంది. మందు ఎక్కువైతే గొట్టమే పగులుతుంది. మా ఊళ్లో ఒక చిన్నాన్నకు కుడిచేతి రెండు వేళ్లు అలా పోయాయి. ఆయన ఇప్పటికీ ఎడంచేత్తో చుట్ట వెలిగిస్తూ, "పంది కంటే తుపాకీకే భయపడాలి రా" అంటాడు.

ఇక 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాని రాకకు కారణం ఉంది, అది కూడా దాచకూడదు. తెల్లదొరల కాలంలో 'చేటు జంతువు' జాబితాలో మొదటి పేరు పులిది. పులి తలకు సర్కారు బహుమతి ఇచ్చేది. 1875 నుంచి 1925 మధ్య 80,000కు పైగా పులులను చంపారని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క కట్టారు. ఆ ఊచకోతకు పగ్గం వేయడానికి చట్టం కావలసిందే. కాని వినోదానికి వేటాడిన దొరకూ చేను కాచిన కొండరెడ్డికీ అందులో ఒకే పేరు పడింది. మన భూమి పండుగ వేట, విశాఖ మన్యంలో ఇటుకల పండుగ వేట కూడా ఆ గీత కిందికే వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులన్నీ గుర్తిస్తూ, వేట హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది.

ఇవాళ్టి స్థితి ఇది. పంది పంటను పాడుచేస్తుంటే, చట్టం 11వ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి అధికారి గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప కొట్టకూడదు. చేతిలో లైసెన్సు తుపాకీ ఉన్నా సరే. 62వ సెక్షన్ కింద కేంద్రం ఒక జంతువును ఒక ప్రాంతంలో కొంతకాలం చేటు జంతువుగా ప్రకటించవచ్చు. 2015 డిసెంబరులో బిహార్‌లో నీల్‌గాయ్, అడవిపందులకు, 2016లో ఉత్తరాఖండ్‌లో అడవిపందికి, హిమాచల్‌లో కోతులకు అలా చేశారు. 2022 సవరణ తరవాత అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. ఒకనాటి చేటు జంతువు పులి ఇప్పుడు అందరికంటే పై జాబితాలో ఉంది. జాబితా ఎవరు రాస్తారన్నది ఏ జంతువుకైనా, ఏ మనిషికైనా పెద్ద సంగతే.

రసీదు

లైసెన్సు దొరకని చోట, అనుమతి రాని చోట జనం ఏం చేస్తున్నారో మనందరికీ తెలుసు. చేను చుట్టూ కరెంటు తీగ. కాలిబాటకు మోకాలెత్తున, రాత్రిపూట, ఏ గుర్తూ లేకుండా. తుపాకీ పట్టినవాడు కనీసం ఎదురుగా ఏముందో చూస్తాడు, తీగ చూడదు. అది పందిని, పశువును, పక్కచేను మనిషిని ఒకేలా పట్టుకుంటుంది. తాతల లెక్కలో ఏ ఆయుధానికీ లేని గుణం అది. తీగ పెట్టే ఆలోచన ఉన్న తమ్ముళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ రాత్రే తీసేయండి. చేనుకు అంచున నాలుగు వరసలు ముళ్ల కుసుమ వేస్తే పంది కొంత వెనకాడుతుంది. నలుగురు కలిసి వంతులవారీగా మంచె కాస్తే ఇంకా వెనకాడుతుంది. అనుమతి దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే సంఘం దగ్గరికి రండి, గ్రామసభ తీర్మానంతో కలిపి మేమే రాసి పెడతాం.

మా ఊళ్లో ఒకే ఒక్క తాత దగ్గర పంట కాపలా లైసెన్సు ఉన్న మూతి తుపాకీ ఉంది. ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పగించాలని నోటీసు వస్తుంది. ఆయన తుపాకీని పాత దుప్పట్లో చుట్టి, బస్సులో వెళ్లి అప్పగించి, రసీదు తెచ్చుకుని ట్రంకుపెట్టెలో దాస్తాడు. ఎన్నికలు ఎప్పుడు పెట్టాలో నిర్ణయించేవాళ్లకు మా జొన్న ఎప్పుడు పాలుపోసుకుంటుందో తెలియదు కదా. పోయినసారి తుపాకీ తిరిగి వచ్చేసరికి చేను కోత అయిపోయింది, అంటే పందులు కోసినది పోగా మిగిలినది.

ఆ పెట్టెలో రసీదులు ఇప్పుడు చాలా ఉన్నాయి. మేము వాటిని ఫొటోలు తీసి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాం. ప్రతి దానిలోనూ ఆయుధం వివరం దగ్గర ఒకటే మాట, వేరు వేరు చేతిరాతల్లో: నున్నగొట్టం, ఒకటి. ఆ పెట్టె పైన, దూలానికి, వాళ్ల నాన్న విల్లు వేలాడుతూ ఉంది. అల్లెతాడు ఎప్పుడో తెగిపోయింది. "దీనికి రసీదు అడగలేదా తాతా?" అంటే, "అడగరు, దీన్ని వాళ్లు ఆయుధం అనుకోరు" అని ఆయన దూలం కేసి చూసి, కొత్త వెదురు బద్ద తెచ్చి పెట్టమని మనవడికి చెప్పాడు.